బిల్లు వెనక పచ్చిక సూత్రాలు: హరితసంజీవనీ వ్యాఖ్యాసహితం

అవతారిక

గోదావరికి ఎడమ గట్టు వైపు, పదహారో నంబరు జాతీయ రహదారి మీద, కడియపులంక అనే క్షేత్రం ఉంది. వేమగిరి, బుర్రిలంక, పొట్టిలంక దాని ఉపక్షేత్రాలు. కాశీకి పోయినవాడు ఇష్టమైన కాయో పండో వదిలేసి వస్తాడు. కడియం పోయినవాడు అక్కరలేని మొక్క ఒకటి పట్టుకొస్తాడు. ఇక్కడ మొక్కలనే కాదు, నేలమీది పచ్చదనాన్ని కూడా చాపల్లా కోసి అడుగుల లెక్కన లారీకెక్కిస్తారు. శిష్టవ్యవహారంలో దాని పేరు పచ్చిక. లోకవ్యవహారంలో లాను. మా పక్కింటి బాబాయిగారి వ్యవహారంలో గడ్డి. ఈ వ్యాఖ్యలో మూడు పేర్లూ వస్తాయి, ఆ పూట దాని ఆరోగ్యాన్ని బట్టి.

ఆ క్షేత్రంలోని ఒకానొక నర్సరీవారు మా ఇంటి ముందు రెండు సెంట్లలో లాను పరిచి, డబ్బు లెక్కపెట్టుకుని, లారీ ఎక్కబోతుండగా మా ఆవిడ అడిగింది: "ఇది ఏడాది పొడుగునా ఇలాగే ఉండాలంటే ఏం చెయ్యాలండీ?" అడగనిదే చెప్పకపోవడం గురులక్షణం. మేస్త్రీ లారీలో కూర్చునే చెప్పాడు, క్లీనరు బిల్లు తిరగేసి బానెట్టు మీద పెట్టి రాశాడు. ఆ ఏడు వాక్యాలే ప్రస్తుత గ్రంథం. అక్షరాలు తక్కువ, అర్థం ఎక్కువ కనుక ఇవి సూత్రాలు. సూత్రాలు కనుక ఎవరికీ అర్థం కావు. అర్థం కావు కనుక వ్యాఖ్యానం కావలసి వచ్చింది.

మెతుకుసీమ కొల్చారం వాడైన మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు సంజీవని రాస్తూ, ఆధారం లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ మాట ఇచ్చాడు. మొదటి మాట మేమూ ఇస్తున్నాం. రెండోది ఇస్తే వ్యాఖ్య బిల్లుకన్నా చిన్నదైపోతుంది.

మూలము

1. నీళ్లు పొద్దున్నే, లోతుగా.
2. తుంగ కనబడితే గడ్డతో సహా.
3. మరీ పొట్టిగా కొట్టొద్దు.
4. యూరియా చేతినిండా వద్దు.
5. నీళ్లు నిలబడితే మా పూచీ లేదు.
6. ఎండకి ఎర్రబడినా పీకేయొద్దు.
7. గే.. మ.యాలి.

ఛందస్సు లేదు. అలంకారం స్వభావోక్తి. రసం విషయమై భేదాభిప్రాయాలున్నాయి: బిల్లు ముందువైపు చదివితే రౌద్రం, వెనకవైపు చదివితే కరుణ.

ప్రథమ సూత్రం

ప్రతిపదార్థం. నీళ్లు = కాలువవి గాని, బోరువి గాని, కుళాయివి గాని; పొద్దున్నే = సూర్యోదయానికి అటూ ఇటూ, కాఫీకి ముందు; లోతుగా = వేళ్లు దిగవలసినంత మేర, అనగా నాలుగు నుంచి ఆరు అంగుళాలు; పెట్టవలెను అని క్రియ తెచ్చుకోవాలి.

శంక: సాయంత్రం పెడితే ఏం పోయింది? ఆఫీసు నుంచి వచ్చి, లుంగీ కట్టుకుని, పైపు మూతి బొటనవేలితో నొక్కి తుంపర కొడుతూ నిలబడటంలో ఒక సుఖం ఉంది కదా? సమాధానం: ఉంది. ఆ సుఖం పైపు పట్టుకున్నవాడిది. డెల్టాలో రాత్రి గాలే తడిగా ఉంటుంది. దానికి మన తడి కూడా తోడైతే తెల్లవార్లూ ఆకు ఆరదు. ఆరని ఆకు మీద బూజు పడుతుంది, పళ్లెమంత గుండ్రటి గోధుమరంగు మచ్చలు లేస్తాయి. ఈ మచ్చలు మొదటిసారి కనబడినప్పుడు బాబాయిగారు ప్రహరీ మీంచి తొంగిచూసి, "పాముపొడ పట్టింది రా అబ్బాయ్" అన్నారు. వరికొచ్చే తెగులు లానుకెందుకు వస్తుందని నవ్వుకున్నాం. తీరా చూస్తే వరిలో పాముపొడకీ, లానులో ఆ మచ్చలకీ కారణమైన శిలీంధ్రం పేరు ఒకటే, రైజాక్టోనియా సొలాని. తడి ఆరకపోవడం, నత్రజని ఎక్కువ కావడం అనే రెండు ఆహ్వానాలూ రెండుచోట్లా ఒకటే. గడ్డిజాతిలోదే వరీ, గడ్డిజాతిలోదే లానూ. మాకు తెలియనిదల్లా ఈ చుట్టరికమే. ఇంటి ముందు తివాచీ పరిచామనుకున్నాం. నిజానికి వేసింది పంట. ఈ వ్యాఖ్యలో మిగతాదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

ఇక "లోతుగా". రోజూ పైపైన చల్లితే వేళ్లు పైపైనే తిరుగుతాయి, కింద ఏముందో చూడటానికి వాటికి అవసరం రాదు. అలాంటి లాను ఒక్కరోజు కరెంటు పోయి మోటారు ఆడకపోతే సొమ్మసిల్లుతుంది. మూడు రోజులకోసారి తనివితీరా తడిపితే వేరు నీటి వెంట కిందికి దిగుతుంది. తడి ఎంత దిగిందో తెలియాలంటే పొడుగాటి స్క్రూడ్రైవరు గుచ్చి చూడాలి. దిగినంత మేర తడి, ఆగినచోట పొడి.

లెక్క: మండువేసవిలో నేలనుంచీ ఆకునుంచీ రోజుకి ఐదు మిల్లీమీటర్ల నీరు ఆవిరవుతుందనుకుంటే, సెంటుకి, అంటే సుమారు 40 చదరపు మీటర్లకి, 200 లీటర్లు. రెండు సెంట్లకి 400. వెయ్యి లీటర్ల ట్యాంకు రెండున్నర రోజులకి ఖాళీ. ఈ లెక్క లాను పరిచాక గాక, పరచక ముందే వేసుకోవాలి. మేస్త్రీ సూత్రంలో దీన్ని చేర్చకపోవడం వ్యాపారధర్మం.

అపవాదం: కొత్తగా పరిచిన లానుకి ఈ సూత్రం వర్తించదు. వేరు నేలని పట్టేదాకా, రెండు మూడు వారాలు, రోజూ రెండు పూటలా తడి ఉండాలి. మూల ఎత్తి లాగితే చాప లేవకూడదు. అప్పుడు సూత్రం మొదలు.

ద్వితీయ సూత్రం

ఇది గ్రంథానికి గుండెకాయ. దీనిమీద ఎంత రాసినా తక్కువే. తుంగ విషయంలో ఎంత పీకినా తక్కువే అయినట్టు.

ప్రతిపదార్థం. తుంగ = మూడంచుల కాడ, నిగనిగలాడే ఆకు కలిగినట్టిది; కనబడితే = కోసిన రెండు మూడు రోజులకి చుట్టూ ఉన్న పచ్చిక కన్నా రెండంగుళాలు పైకి తలెత్తి చూస్తూ ఉంటే; గడ్డతో సహా = పైన ఆకునే కాక, కింద నల్లటి గింజలాంటి దుంపని, దానికి దారంలాంటి వేరుతో కట్టుబడి ఉన్న ఇంకో దుంపని, దానికి కట్టుబడిన మరో దుంపని కూడా.

తాత్పర్యం: ఆకు పట్టుకు లాగితే ఆకే చేతికొస్తుంది. కింద గొలుసు తెగుతుంది. గొలుసులో ఉన్నంతకాలం పెద్ద దుంప మాట విని నిద్రపోతున్న చిన్న దుంపలన్నీ, తెగగానే ఎవరికి వారు మొలకెత్తుతాయి. ఒకటి పీకితే నాలుగు మొలిచాయనే ఫిర్యాదు అతిశయోక్తి కాదు, స్వభావోక్తే. చిన్న గునపంతో ఒక పక్కగా దించి, మట్టి పెకలించి, దుంప ఎత్తాలి. నేల తడిగా ఉన్న పూట చేస్తే తేలిక. ఎత్తిన దుంపని చెత్తకుప్ప మీద వెయ్యకూడదు, అక్కడినుంచి మళ్లీ ఎరువుతో తిరిగి వస్తుంది. ఎండలో సిమెంటు గచ్చు మీద పరచి గలగలలాడేదాకా ఎండబెట్టాలి.

శంక: అది మన ఇంటికి ఎలా వచ్చింది? సమాధానం: మూడు దారులు. నేల ఎత్తు చెయ్యడానికి తోలించిన మట్టిలో. కింద వేసిన చివకని పశువుల ఎరువులో. లాను చాపలోనే, అడుగున అంటుకుని. లాను పరచక ముందే నేల తవ్వి, నీళ్లు పెట్టి, రెండు మూడు వారాలు ఊరికే వదిలేస్తే దాక్కున్న తుంగంతా తలెత్తుతుంది. దాన్ని తవ్వి ఎత్తేసి, మళ్లీ తడిపి, మళ్లీ ఎత్తేస్తే సగం యుద్ధం అప్పుడే అయిపోతుంది. నాట్లకి ముందు దమ్ము చేసేవాడికి ఇది చెప్పక్కర్లేదు. మాకు మాత్రం పరిచాక తెలిసింది. శాస్త్రంలో దీన్ని గతజల సేతుబంధనం అంటారు.

మందు మాట. గ్లైఫోసేట్ కొడితే తుంగతోపాటు లానూ పోతుంది, అద్వైతం సిద్ధిస్తుంది. చెరకు తోటల్లో తుంగ మీద వాడే హాలోసల్ఫ్యూరాన్ మిథైల్ అనే మందు గడ్డిని వదిలి తుంగని పట్టుకుంటుంది, కాని నిదానం. వారం గడిచినా ఏమీ కానట్టే ఉంటుంది, తర్వాత ఆకు పసుపుబారి పడుతుంది. దుకాణంవాడు చెప్పిన మోతాదు రెట్టింపు చేసినవాడికి రెట్టింపు ఫలం దక్కదు, మచ్చలు దక్కుతాయి. మందు పడిన గడ్డి పశువుకి వెయ్యరాదు. ఈ మాట గుర్తుంచుకోవాలి, ముందు పనికొస్తుంది.

ఆయుర్వేదంలో ఈ దుంపలే తుంగముస్తలు. పచారీ కొట్లో పొట్లం కట్టి అమ్ముతారు. ఇంటి ముందు ఉచితంగా పండుతున్న ఓషధిని గునపంతో తవ్వి పారేసి, గడ్డిని అడుగుల లెక్కన కొనడం కలిప్రభావం అని పెద్దల అభిప్రాయం. మా అమ్మ ఇంకొక అడుగు ముందుకు వేస్తుంది. వానాకాలంలో లానులో మొలిచే పొన్నగంటికూర, గంగపాయలకూర, గుంటగలగర, నేల ఉసిరి ఇవన్నీ ఆమె లెక్కలో పంట, లానే కలుపు. పొన్నగంటి పీకి బయట పడేస్తుంటే, "పప్పులోకి ఉంచరా" అని వాకిట్లోంచి కేక. ఈ విషయంలో వ్యాఖ్యాత తల్లి పక్షం. మందు కొట్టని చోట మొలిచినవి వంటింటికే పోతున్నాయి.

మరొక విశేషం. మా ఇంటికొచ్చిన రకం పేరు బిల్లు మీద "సెలెక్షన్ వన్". ఇది గరికలోంచి ఏరి వేరు చేసిన రకమని బాబాయిగారికి ఎవరో చెప్పారు. ఆయన ఆ రాత్రి సరిగ్గా నిద్రపోలేదని పిన్నిగారి కథనం. జన్మంతా గట్టు మీద గరిక చేలోకి దిగకుండా పారతో చెక్కించినవారు. "దానికి డబ్బిచ్చావా?" అన్నారు మర్నాడు. అదే గరిక చేలో కలుపు, వినాయక చవితినాడు దూర్వ, బిల్లు మీద చదరపు అడుగు. గుణం మాత్రం మూడుచోట్లా ఒకటే: కణుపు కణుపుకీ వేరు వేస్తుంది, కింద పడిన ముక్క కూడా బతుకుతుంది. ఎండకి నిలిచేది ఇందుకే. అయితే నీడకి మాత్రం నిలవదు. మామిడి కిందా, కొబ్బరి గుబురు కిందా గరికజాతి పలచబడి మట్టి తేలుతుంది. అక్కడికి కార్పెట్ గ్రాస్ అని అమ్మే వెడల్పాటి ఆకు రకం కాస్త ఓర్చుకుంటుంది. దట్టమైన నీడలో ఏదీ రాదు. అక్కడ కుర్చీ వేసుకోవడం ఉత్తమం.

తృతీయ సూత్రం

మరీ పొట్టిగా = ఉన్న ఎత్తులో మూడో వంతుకి మించి. గరికజాతిని అంగుళం నుంచి అంగుళంన్నర, వెడల్పాకు రకాన్ని రెండంగుళాల పైన ఉంచాలి. ఆకే దాని వంటిల్లు. వంటింట్లో సగానికి పైగా పడగొట్టి, పిల్లలు చిక్కిపోయారని బాధపడటం వ్యర్థం. పైగా పొట్టిగా కొట్టినచోట వెలుతురు నేలకి తగులుతుంది, నేలలో ఎవరున్నారో ద్వితీయ సూత్రంలో చెప్పాం.

వానల్లో వారానికోసారి, కార్తీకం దాటాక రెండు మూడు వారాలకోసారి. తడి ఆకు మీద యంత్రం నడపరాదు. కోత అయిన మర్నాడు ఆకు కొసలు తెల్లగా చిట్లి కనబడితే బ్లేడుకి పదును లేదని అర్థం, అది కొయ్యట్లేదు, చింపుతోంది.

ఇంగ్లండులో ఎడ్విన్ బడ్డింగ్ అనే మెకానిక్కు గడ్డికోత యంత్రానికి పేటెంటు పుచ్చుకున్నది 1830లో. కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట మొదలుపెట్టింది 1847లో, పూర్తయింది 1852లో. అంటే ఈ సీమకి కాలువ నీళ్లు రాకముందే, ఆ నీళ్లతో పెరగబోయే గడ్డిని కొయ్యడానికి యంత్రం సిద్ధంగా ఉంది. చరిత్రలో ఇంత ముందుచూపు అరుదు.

చతుర్థ సూత్రం

వరి పండించిన చెయ్యి యూరియా పట్టుకుంటే గుప్పెడు నిండేదాకా ఆగదు. అందుకే ఈ నిషేధం. యూరియాలో 46 శాతం నత్రజని. సెంటుకి ఒక విడతకి పావుకిలో మించకూడదు. ఆకు పొడిగా ఉన్నప్పుడు పలచగా చల్లి, వెంటనే నీళ్లు పెట్టాలి. తడి ఆకు మీద చల్లితే గుప్పెడు ఆకారంలో గడ్డి మాడుతుంది, ఎవరు చల్లారో వేలిముద్రలతో సహా తెలుస్తుంది. వర్షాకాలంలో రెండు మూడు విడతలు చాలు. ధనుర్మాసం వచ్చాక ఆపాలి.

యూరియా వేసినా ఆకు పసుపుపచ్చగా, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఆకలి కాదు, ఇనుము చాలక. సున్నం పాలు ఎక్కువున్న నేలల్లో మామూలే. నారుమళ్లలో కొట్టినట్టే లీటరు నీటికి ఐదు గ్రాముల అన్నభేది, చిటికెడు నిమ్మ ఉప్పు. అన్నభేది చుక్కపడిన గచ్చు మీద తుప్పు మరక జన్మలో పోదు. ఇది వ్యాఖ్యాతకి గృహిణి ద్వారా తెలిసిన అంశం.

పంచమ సూత్రం

ఇది ఆజ్ఞాసూత్రం కాదు, తప్పించుకునే సూత్రం. అయినా ఇందులోనే డెల్టా అంతా ఉంది.

నీరు పల్లమెరుగు అంటారు. డెల్టాలో పల్లం ఎటుందో నీటికే తెలియదు. రోడ్డు వేసినప్పుడల్లా జానెడు లేస్తుంది, ఇల్లు అక్కడే ఉంటుంది. కింద నల్లమట్టి, పైన ఆరుద్ర కార్తె వాన. పచ్చిక మునిగి ఒకటి రెండు రోజులుంటే ఓర్చుకుంటుంది. అంతకు మించితే వేరుకి గాలి ఆడక కుళ్లుతుంది, పైన నాచు కడుతుంది. ధవళేశ్వరం దగ్గర మట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు. లానుకి అంతదాకా అక్కర్లేదు, మూడంగుళాలు చాలు.

లాను చుట్టూ అందంగా సిమెంటు గట్టు కట్టించేవారిని ఈ సూత్రం ప్రత్యేకించి ఉద్దేశిస్తోంది. నాలుగు పక్కలా గట్టు కట్టి నీళ్లు నిలపడం భీమవరం వైపు కూడా చేస్తారు. వాళ్లు అందులో రొయ్యలు వేస్తారు. గట్టు కావాలంటే అక్కడక్కడా రంధ్రాలు వదలాలి. పదడుగులకి రెండంగుళాల చొప్పున ఇంటినుంచి బయటికి వాలు ఉండాలి. నేల గట్టిబడితే తొలకరి తడికి ముళ్ల పారతో మూడు నాలుగు అంగుళాల లోతున, జానెడు దూరానికొకటిగా పొడిచి, జల్లెడ పట్టిన ఇసుకా బాగా చివికిన ఎరువూ కలిపి పావు అంగుళం మందాన చల్లి చీపురుతో దులపాలి. వానలో ఒకే దారిన నడిస్తే ఆ దారి తారురోడ్డవుతుంది. వానపాములు పైకి తెచ్చిపెట్టే మట్టి గుళికల్ని చూసి అసహ్యించుకోరాదు, ముళ్ల పార పని అవి కూలి లేకుండా చేస్తున్నాయి. గోరింకలు గుంపుగా దిగి ఒకేచోట పొడుస్తుంటే మాత్రం అక్కడ చాప ఎత్తి చూడాలి. అడుగున తెల్లటి వేరుపురుగు ఉండవచ్చు.

1986 ఆగస్టు వరద చూసినవారికి గోదావరి ఎవరి లానుని ఎంతసేపట్లో పొలం చేయగలదో చెప్పనక్కర్లేదు. ఒండ్రు పలచగా పడితే ఆరకముందే పైపుతో కడిగేయాలి, మందంగా పడితే గోకి ఎత్తాలి. ఎత్తిన ఒండ్రుని పారేయకూడదు. దానికోసమే కదా మన పూర్వులు ఇక్కడ కాపురాలు పెట్టింది.

షష్ఠ సూత్రం

ఎండకి = దాళ్వా కోసి, కాలువలు కట్టేసిన తర్వాత వచ్చే దానికి; విశేషించి రోహిణి కార్తెలో; ఎర్రబడినా = గడ్డివాము రంగుకి తిరిగినా; పీకేయొద్దు = చచ్చిందని తీర్మానించి మళ్లీ కడియం పోవద్దు.

గరికజాతి ఎండకి చావదు, అలిగి పడుకుంటుంది. పైన ఆకు ఎండినా నేలలోపలి తీగలో, కణుపులో ప్రాణం ఉంటుంది. గుప్పెడు పట్టి లాగితే ఎదురు లాగాలి. కణుపు గిల్లితే లోపల తెల్లగా తడిగా ఉండాలి. ఈ రెండూ ఉంటే ఉన్నట్టే. ఈ కాలంలో కోత ఎత్తు అర అంగుళం పెంచాలి, ఆకు నీడ ఆకుకే గొడుగు. యూరియా ముట్టరాదు. తాగడానికి నీళ్లు చూసుకునే రోజుల్లో లానుకి రోజూ 400 లీటర్లు పోయడం పాపం, పదిహేను రోజులకోసారి ఒక్క మంచి తడి ఇచ్చినా అది జూన్‌లో ధవళేశ్వరం దగ్గర కాలువలకి నీళ్లు వదిలేదాకా ఓపిక పడుతుంది. బాబాయిగారైతే ఆ ఒక్క తడీ వద్దంటారు. "నేల ఎండాలిరా. ఎండని నేల మీద ఏ పంటా రాదు." చేను విషయంలో ఈ మాట శాస్త్రసమ్మతం. లాను విషయంలో సగం సమ్మతం.

రాజోలు దాటి సముద్రం వైపు పోతే ఇంకో ఇబ్బంది. వేసవిలో బోరు నీళ్లు ఉప్పగా దిగుతాయి. పోసిన నీరు ఆవిరై, ఉప్పు నేలమీద తెల్లటి పొరగా తేలుతుంది, పోసిన కొద్దీ ఎండుతుంది. అక్కడ ఆ నీళ్లు మానడమే వైద్యం. మృగశిర వాన నాలుగు పడితే ఉప్పు కిందికి దిగిపోతుంది.

శంక: ఎండ చెప్పాడు, వాన చెప్పాడు, చలికాలం చెప్పలేదేమి? గ్రంథంలో కొంత లోపించిందా? సమాధానం: లోపించలేదు. గోదావరి జిల్లాల్లో గడ్డిని చంపే చలి లేదు. సంక్రాంతి మంచుకి పెరుగుదల మందగిస్తుంది, అంతే. డాలస్‌లో ఉన్న మేనల్లుడి లాను ఇదే గరిక, అక్కడ బెర్ముడా అంటారు. చలి ముదిరేసరికి పూర్తిగా గోధుమరంగుకి తిరిగి, వసంతందాకా లేవదు. అలాగని అక్కడ సుఖమేమీ లేదు, ఎండాకాలం గడ్డి కాస్త ఎత్తు పెరిగితే కాలనీ సంఘం నుంచి ఉత్తరం వస్తుంది.

మన చలికాలం ప్రమాదం చలి కాదు, చుట్టాలు. పండక్కి దిగిన అల్లుళ్లు లాను మీద ఒకేచోట కుర్చీలు వేసి, భోగి నుంచి ముక్కనుమదాకా పేకాడితే, కుర్చీ కాళ్ల కింద నేల అణిగి, ఆట ముగిసేసరికి చతురస్రాకారంలో పసుపు తేలుతుంది. కుర్చీలు పూటకోచోటికి జరపాలి. ఓడినవాడు జరుపుతాడు. భోగిమంట లాను మీద వెయ్యరాదని ప్రత్యేకంగా చెప్పడం పాఠకుల్ని అవమానించడమే. ఐనా చెబుతున్నాం.

సప్తమ సూత్రం

డాలస్‌లో గడ్డి పెరిగితే ఉత్తరం వస్తుంది. ఇక్కడ గడ్డి పెరిగితే గేదె వస్తుంది. ఈ సూత్రానికి అవతారిక ఇంతే.

క్లీనరు చెయ్యి తడిగా ఉండటం వల్ల చివరి పంక్తి చెదిరింది. "గే" స్పష్టం. "యాలి" స్పష్టం. నడుమ రెండు అక్షరాల సగం సగం ఆనవాళ్లు. దీన్ని రెండు విధాలుగా పూరిస్తున్నారు.

"గేటు మూయాలి" అని మా ఆవిడ పాఠం. వీధిలో తిరిగే పశువు లాను మీదికి రాకుండా చూడమని తాత్పర్యం. "గేదె మేయాలి" అని బాబాయిగారి పాఠం. తాత్పర్యం చెప్పనక్కర్లేదు. ఆయనకి గేదె ఉంది.

గృహిణీపక్షం వాదన ఏకవాక్యత మీద ఆధారపడింది. మొదటి ఆరు సూత్రాలూ ఇంటి యజమానిని ఉద్దేశించినవి. ఏడోదానిలో అకస్మాత్తుగా గేదె కర్త కావడం పొసగదు. బాబాయిగారి వాదన అంతకన్నా లోతైనది, తేలిగ్గా కొట్టిపారేయలేం. గడ్డి అనేది లోకంలో ఉన్నదే మేయడానికి. తృతీయ సూత్రం మరీ పొట్టిగా కొయ్యవద్దంది. గేదె నాలుకతో చుట్టి తెంపుకుంటుంది గనుక గొర్రెలా నేలదాకా కొరకదు, రెండంగుళాలు దానంతట అదే వదులుతుంది. చతుర్థ సూత్రం యూరియా తగ్గించమంది. గేదె తన వంతు తాను వేసిపోతుంది. కనుక ఏడో సూత్రం పై సూత్రాలన్నిటికీ ఉపాయం చెబుతోందట.

ఇందులో రెండు దోషాలు. గేదె తుంగని ఏరి మేయదు, ద్వితీయ సూత్రం నిరాశ్రయమవుతుంది. నాలుగైదు వందల కిలోల జీవం తడినేల మీద నాలుగు గిట్టలు మోపితే నాలుగు గుంటలు, గుంటకో గ్లాసు నీళ్లు; పంచమ సూత్రంతో విరోధం. ఈ రెండోదానికి బాబాయిగారి దగ్గర జవాబు లేకపోయింది. "అయితే వేసవిలో తోలతాను" అన్నారు. వేసవిలో మేయడానికి ఏముంటుంది?

గ్రంథకర్తనే అడగవచ్చు కదా అని మా అబ్బాయి సందేహం. ప్రాచీన వ్యాఖ్యాతలకి లేని సౌకర్యం మనకుంది, ఫోను. చేశాం. మేస్త్రీ శాంతంగా విని, "ఏదో రాసుంటాడండి ఆడు. రెండూ మంచియ్యేనండి. ఆయ్" అని పెట్టేశాడు.

ప్రస్తుత సంప్రదాయం ఇది. గేటు మూసే ఉంటుంది. కోసిన గడ్డిని, అది మందు గాని, కొత్తగా చల్లిన యూరియా గాని సోకనిదైతే, గంపలో పోసి గేటు బయట పెడతాం. బాబాయిగారి పాలేరు పట్టుకుపోతాడు. మందు కొట్టిన నెలలో గంప రాదు, ఆ నెల పాలలో నీళ్లు కొంచెం ఎక్కువ వస్తున్నాయని మా ఆవిడ అనుమానం. దీన్ని ప్రక్షిప్తంగా భావించి వదిలేశాం.

గద్యము

ఇది తూర్పు కాలువ జలపాన పరిపుష్టుడును, పక్కింటి పితృవ్య భర్త్సన సంస్కృతుడును, తుంగముస్తా ఖనన పరిశ్రాంత కరతలుడును అగు అనామక గృహస్థునిచే రచింపబడిన హరితసంజీవని యందు సర్వమును ఏకాశ్వాసము. బిల్లు ముందువైపు మొత్తానికి వ్యాఖ్య రాయబడలేదు.